మ్యాప్ మ్యాప్‌కూ బేరమా?

ఈ-స్పోర్ట్స్ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారన్న దానిపై ప్రిడిక్షన్ మార్కెట్లలో (జరగబోయేదాని మీద జనం ఒకరితో ఒకరు బేరం చేసే ఆన్‌లైన్ వేదికల్లో) కాంట్రాక్టులు కొనడం, అమ్మడం కొత్త సంగతి కాదు. ఇప్పుడు ఆ మ్యాచ్‌నే ముక్కలు చేసి, ఒక్కో మ్యాప్ (ఒక్కో యుద్ధరంగంలో ఆడే విడి ఆట) మీదా బేరం పెడుతున్నారు. కౌంటర్-స్ట్రైక్ 2 అనే షూటింగ్ వీడియోగేమ్‌లో మూడు మ్యాప్‌ల పోరు ఉందంటే మొదటి మ్యాప్‌కు ఒక ధర, రెండోదానికి ఇంకో ధర. అనుకున్నట్టే జరిగితే కాంట్రాక్టుకు డాలరు వస్తుంది, జరగకపోతే ఏమీ రాదు. 60 సెంట్లకు అమ్ముడవుతోందంటే ఆ జట్టుకు నూటికి 60 పాళ్లు అవకాశం ఉందని మార్కెట్ లెక్క. మ్యాచ్ మీద పందెం ఉన్నప్పుడు మ్యాప్ మీద ఉంటే తప్పేమిటని కొందరు అడుగుతున్నారు. చాలా తప్పుంది. చిన్న టోర్నమెంట్లలో ఈ మ్యాప్ కాంట్రాక్టులను అసలు అనుమతించకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

కావాలని మ్యాచ్ ఓడిపోతే ఆటగాడికీ దెబ్బే. ప్రైజ్ మనీ పోతుంది, ర్యాంకు పడిపోతుంది, జట్టులో చోటే పోవచ్చు. మూడింట రెండు గెలిస్తే చాలనే పోరులో ఒక మ్యాప్ వదిలేస్తే ఇవేవీ జరగవు. 2-0తో నెగ్గినా, 2-1తో నెగ్గినా నాకౌట్‌లో ముందుకెళ్లేది ఆ జట్టే. అమ్ముడుపోయినవాడు ఒక మ్యాప్ జారవిడిచి, మిగతా రెండూ ప్రాణం పెట్టి ఆడి, విజేతగానే బయటికి రావచ్చు. క్రికెట్ చూసేవారికి ఈ దారి తెలుసు. 2010లో లార్డ్స్ టెస్టులో బేరం కుదిరింది మ్యాచ్ మీద కాదు, మూడు నోబాల్స్ మీద.

పోనీ, పట్టుకుందామంటే ఎలా? 13 రౌండ్లు ముందుగా గెలిచినవారిది మ్యాప్. స్కోరు 11-12 దగ్గరుంది. వెనకబడిన జట్టు బాంబు పెట్టాలి. వాళ్లలో ఒకడు తోటివాళ్లు స్మోక్ (పొగ గ్రెనేడ్) విసిరేదాకా ఆగకుండా, ఓ క్షణం ముందే మూల దగ్గర తొంగిచూస్తాడు. తలకు తూటా తగులుతుంది. ఐదుగురి మీద నలుగురు మిగులుతారు, రౌండ్ పోతుంది, దాంతో మ్యాప్ కూడా. టెన్షన్‌లో తొందరపడ్డాడని కామెంటేటర్ అంటాడు. దాదాపు ప్రతిసారీ అది నిజమే. నిజం కాని ఆ ఒక్కసారి ఏదో మాత్రం రీప్లే ఎన్నిసార్లు తిప్పి చూసినా తేలదు.

అందరికీ ఒకే సమాచారం ఉంటుందా అంటే అదీ లేదు. వీటోలో (మ్యాచ్‌కు ముందు జట్లు మ్యాప్‌లను తీసేసే, ఎంచుకునే దశలో) ఏ మ్యాప్ వదిలేస్తారో, ఏది ఎంచుకుంటారో, దానిమీద జట్టు ఎంత సాధన చేసిందో కోచ్‌కూ అనలిస్టుకూ తెలుసు. వారంపాటు వాళ్లతో స్క్రిమ్‌లు (సాధన మ్యాచ్‌లు) ఆడిన ప్రత్యర్థి జట్టుకూ తెలుసు. స్ట్రీమ్ చూస్తూ కాంట్రాక్టు కొనే కుర్రాడికి తెలియదు. పైగా స్ట్రీమ్ ఆలస్యంగా వస్తుంది. సర్వర్ డేటా ముందుగా అందుకునేవాళ్లు అతను చూడబోయే రౌండ్ ఫలితాన్ని ఈలోపే ధరలో కలిపేస్తారు.

మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మరొకటి. మామూలు బెట్టింగ్ కంపెనీ తన డబ్బుతో పందెం కాస్తుంది కాబట్టి, ఫిక్సింగ్ జరిగితే మొదట మునిగేది అదే. అందుకే అనుమానం రాగానే పందేలు ఆపి, ఫిర్యాదు చేయాల్సిన అవసరం దానికి ఉంటుంది. ప్రిడిక్షన్ మార్కెట్లో కొనేవాడికి ఎదురుగా నిలబడేది మరో ట్రేడరే. వేదికకు ఎవరు గెలిచినా ఫీజు వస్తుంది. మోసపోయేది ఆ ఎదుటి మనిషి. లావాదేవీలన్నీ బ్లాక్‌చెయిన్ అనే డిజిటల్ చిట్టాలో బహిరంగంగా ఉంటాయి కాబట్టి దొంగ దొరికిపోతాడని పాలీమార్కెట్ వంటి వేదికల మద్దతుదారులు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అక్కడ కనిపించేది వాలెట్ (డిజిటల్ ఖాతా) నంబరే, దాని వెనక ఉన్న మనిషి పేరు కాదు.

భయపడడానికి చరిత్రే కారణం. 2013లో డోటా 2 అనే మరో వీడియోగేమ్ ఆటగాడు అలెక్సీ ‘సోలో’ బెరెజిన్ సొంత జట్టు ఓటమి మీద పందెం కట్టాడు. వచ్చింది 322 డాలర్లు. 2014లో కౌంటర్-స్ట్రైక్ జట్టు ఐబైపవర్ ఆటగాళ్లు కావాలనే మ్యాచ్ ఓడిపోయారు, ఆ పందేలు ఆటలోని తుపాకీ స్కిన్లతో (డబ్బు విలువ ఉన్న తుపాకీ అలంకరణలతో) కట్టినవి. 2015 జనవరిలో ఆ ఆటను తయారుచేసిన వాల్వ్ కంపెనీ వారిపై నిషేధం విధించింది. ఆటగాళ్లు, మేనేజర్లు, జట్టు సిబ్బంది ఎవరూ ఆ ఆట మీద పందేలు కాయరాదని అప్పుడే స్పష్టంగా చెప్పింది. జీతం సరిగా అందని కింది స్థాయి లీగుల్లో ఇరవై ఏళ్లు నిండని పిల్లలు ఆడుతుంటారు. వాళ్ల మ్యాప్‌ల మీద డబ్బు పోగుచేసి, వాళ్ల నిజాయితీ మీద మాత్రం భారం వేయడం అన్యాయం.

మ్యాప్ కాంట్రాక్టులు ఉంటే పెద్ద టోర్నమెంట్లకే, అదీ నిర్వాహకుల అనుమతితోనే ఉండాలి. ఒక్కొక్కరు పెట్టే మొత్తానికి పరిమితి ఉండాలి. ఆటగాళ్లు, కోచ్‌లు, అబ్జర్వర్లు (ప్రసారంలో ఆటను చూపించే కెమెరా నడిపేవారు), వారి స్క్రిమ్ భాగస్వాములు ట్రేడ్ చేయకుండా వేదికలే ఖాతాలు సరిచూడాలి. అనుమానం వచ్చిన మ్యాప్ చెల్లింపు నిలిపి, ట్రేడ్ వివరాలు ఈ-స్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్‌కు ఇవ్వాలి. ఇవన్నీ వేదికలు తమంతట తాము చేస్తాయని మేం అనుకోవడం లేదు. రౌండ్ రౌండ్‌కూ ధర కదలాలంటే లైవ్ డేటా కావాలి, దాని హక్కు టోర్నమెంట్ నిర్వాహకుల చేతిలో ఉంది. డేటా అమ్మే ఒప్పందంలోనే ఈ షరతులు రాయించి, ఒప్పుకోని వేదికకు ఫీడ్ ఆపేయాలి.