నాయకుడు జనాన్ని తిప్పాడా, జనమే నాయకుణ్ణి తిప్పారా?

2016 సెప్టెంబరులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా బదులు ప్రత్యేక ప్యాకేజీ ప్రకటిస్తే చంద్రబాబు నాయుడు స్వాగతించారు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా డిమాండ్‌తోనే ఎన్డీయే నుంచి బయటికొచ్చారు. 2014లో విజయవాడ ప్రాంతంలో రాజధానికి అసెంబ్లీలో సరేనన్న జగన్మోహన్ రెడ్డి, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన తెచ్చారు. బెంజి సర్కిల్ నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా ఇద్దరి అభిమానుల్లోనూ చాలామంది నాయకుడితో పాటే మాట మార్చారు. నాయకుడే జనాన్ని తనవైపు తిప్పుకున్నాడని కొందరు, కాదు, జనం నాడి చూసే మాట్లాడాడని కొందరు. సర్వేలతో ఈ పేచీ తెగదు. నాయకుడి మాటా, జనం మాటా కలిశాయని సర్వే చెబుతుంది, ఏది దేన్ని లాక్కొచ్చిందో చెప్పదు.

అమెరికా అధ్యక్షుల విషయంలోనూ ఇదే చిక్కు. దాన్ని విప్పే దారి మైకేల్ బార్బర్, జెరెమీ పోప్ అనే రాజనీతి పరిశోధకులు చూపించారు. 2017లో, ట్రంప్ పదవిలోకి వచ్చిన కొత్తలో, కనీస వేతనం పెంపులాంటి అంశాలపై జనాన్ని అడిగారు. లాటరీ పద్ధతిలో కొందరికి ‘ట్రంప్ దీన్ని సమర్థిస్తున్నారు’ అని, కొందరికి ‘వ్యతిరేకిస్తున్నారు’ అని చెప్పారు. మిగతావారికి ఆయన పేరే ఎత్తలేదు. ఎవరికి ఏ ప్రశ్న పడాలన్నది లాటరీ తేల్చింది కాబట్టి, జవాబుల్లో కనిపించిన తేడా ఆ పేరు వల్ల వచ్చిందే. రిపబ్లికన్లలో చాలామంది ట్రంప్ ఎటంటే అటు మొగ్గారు. పార్టీ వీరాభిమానులు, రాజకీయాల గురించి తక్కువ తెలిసినవారు మరీ ఎక్కువగా.

ఇందులో నాకు బాగా నచ్చింది నిజాయితీ. ట్రంప్ ఆ అంశాలపై రెండు రకాలుగానూ మాట్లాడి ఉన్నారు. అందుకే ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు. ఆ వీలు మనకూ ఉంది, పైన చెప్పిన మలుపులన్నీ రికార్డుల్లో ఉన్నవే. నాగార్జున యూనివర్సిటీ రాజనీతి విద్యార్థులు రెండు రకాల ప్రశ్నపత్రాలు కలగలిపి మిర్చి యార్డులోనో, బీసెంట్ రోడ్డులోనో పంచితే చాలా సంగతులు బయటపడతాయి. టీవీ స్టూడియో చర్చలకన్నా అది వెయ్యి రెట్లు నయం.

అయితే ప్రశ్నపత్రం మీద నాయకుడొక్కడే మాట్లాడతాడు. బయట ప్రతిపక్షం, పత్రికలు, పక్కింటివాళ్లు వెంటనే అడ్డుపడతారు. అందుకే కొందరికి ప్రత్యర్థి జవాబు కూడా చదివించాలి. కొన్ని వారాలు ఆగి, వాళ్లనే మళ్లీ అడగాలి.