పార్కింగ్‌లో మూడో థియేటర్

తిరుపతిలో 60 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి అనుకోండి. రెండు ఆపరేషన్ థియేటర్లు. అందులో ఒకటి పాతబడింది. నేల పగిలింది, ఏసీ గొట్టాలన్నీ మార్చాలి, నాలుగు నెలలు మూసేయక తప్పదు. అన్నాళ్లూ ఒక మొబైల్ థియేటర్‌ని, అంటే లారీ ట్రైలర్‌లో అమర్చిన ఆపరేషన్ గదిని, అద్దెకు తెచ్చి కార్ల పార్కింగ్‌లో నిలుపుదామని మేనేజర్ ఆలోచన. మరమ్మతు పూర్తయ్యాక కూడా దాన్ని పంపించకుండా మూడో థియేటర్‌గా ఉంచుకుందామంటాడు. అతని అక్క ఊళ్లోనే ఇంకో ఆసుపత్రిలో 22 ఏళ్లుగా థియేటర్ సిస్టర్. ఒప్పుకోదు.

ఈ వాదన ఏడాదిగా నా తలలో నడుస్తోంది. వాళ్లిద్దరి నోటా పెట్టి రాస్తున్నాను. నేను ఎక్కువగా అక్క వైపే. కానీ తమ్ముడి మాటల్లో కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. అందుకే మొదట అతన్నే మాట్లాడనిస్తున్నా.

తమ్ముడు: మొన్నటి సంగతి వినక్కా, ఆ తర్వాత నన్ను ఏమన్నా అను. పుంగనూరు నుంచి ఒకామె వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు. ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రం నాలుగింటికి లోపలికి తీసుకోవాలి. మూడున్నరకు హైవే మీద యాక్సిడెంటై ముగ్గురొచ్చారు. రెండు థియేటర్లూ వాళ్లకే సరిపోయాయి. ఆమెను వాయిదా వేయడం అది రెండోసారి. ఆమె భర్త ఒక్క మాట అనలేదు. సంచి సర్దుకుని బస్టాండుకు నడిచారు. వాళ్ల రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు ఎవరిస్తారు? ఈలోగా ఆ రాయి జారి గొట్టంలో అడ్డుపడితే?

అక్క: ఆ బాధ నాకు తెలీదా నాయనా? మా దగ్గరా అంతే. ఒకటి చెప్పు. ఆ రోజు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మీ థియేటర్లలో ఏం జరిగింది?

తమ్ముడు: ఒకదాంట్లో సిజేరియన్. ఇంకోటి ఖాళీ.

అక్క: ఎందుకు ఖాళీ?

తమ్ముడు: సర్జన్లందరికీ వేరేచోట్ల ఓపీలు ఉంటాయి. సాయంత్రం పూటే మా దగ్గరికి వస్తారు.

అక్క: మత్తు డాక్టరు?

తమ్ముడు: ఆయనకు నాలుగు ఆసుపత్రులు.

అక్క: మరి ఆమెకు దొరకనిది గదేనా? గది పొద్దున్నంతా ఊరికే ఉంది. మత్తిచ్చే డాక్టరు, ఇన్‌స్ట్రుమెంట్లు అందించే స్టాఫ్ నర్సు, ఓటీ టెక్నీషియన్, తర్వాత పడుకోవడానికి పోస్టాప్ బెడ్, ఇవన్నీ ఒకే సమయానికి కుదరలేదు. నువ్వు తెచ్చేది ఇంకో గది. అది వచ్చాక అదే మత్తు డాక్టరు మూడు తలుపుల మధ్య పరుగెత్తాలి.

(సాయంత్రం ఆరు దాటాక ఈ ఊళ్లో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బైక్ మీద వెళ్లే మత్తు డాక్టర్లను చూస్తూనే ఉంటాను. వాళ్ల అలసట రోగి ఒంట్లోకి చేరుతుందేమోనని నాకు భయం. ఈ మాట మేనేజ్‌మెంట్ మీటింగుల్లో రావాలి.)

తమ్ముడు: నువ్వన్నది సగమే నిజమక్కా. సాయంత్రం రద్దీ నిజమే కదా? ప్లాన్ చేసిన కేసులూ ఎమర్జెన్సీలూ ఒకే థియేటర్ కోసం పోటీ పడితే ఓడేది ఎప్పుడూ ఆ పుంగనూరు ఆమే. ఇంగ్లండ్‌లో ఆపరేషన్ల కోసం, చికిత్సల కోసం ఎదురుచూసే వాళ్ల జాబితా 2022లో 70 లక్షలు దాటింది. అక్కడ వాళ్లు చేస్తున్న పనుల్లో ఇదొకటి. ముందే తేదీ ఇచ్చిన కేసులకు విడిగా ఒక థియేటర్, ఎమర్జెన్సీ దాని జోలికి రాకుండా. హెర్నియా, శుక్లాలు లాంటి, అదే రోజు ఇంటికి పంపే కేసులే అందులో. నేనూ అదే అడుగుతున్నా. మోకీళ్ల మార్పిడి అడగడం లేదు.

అక్క: ఆ విడదీయడం మంచిదే. దానికి అడ్డం చెప్పను. కానీ అది ట్రైలర్‌లోనే ఎందుకు జరగాలి? మీ రెండో థియేటర్‌ని ఉదయం పూట ప్లాన్డ్ కేసులకు రాసిచ్చి, పూర్తికాలం మత్తు డాక్టరునొకరిని జీతానికి పెట్టుకో. ట్రైలర్ అద్దె కట్టగలిగిన యజమాని ఆ జీతం కట్టలేడా?

తమ్ముడు: పెట్టుకుంటే ఉంటారా? ప్రకటన ఇచ్చి ఎనిమిది నెలలైంది. చెన్నై కొన్ని గంటల దూరమే, వేలూరు ఇంకా దగ్గర. ఎవరు ఆగుతారు ఇక్కడ? గదిని కొనగలను, అద్దెకు తేగలను. మనిషిని తేలేకపోతున్నా.

అక్క: అయితే మనిషి లేని గదిని తెస్తున్నావు.

తమ్ముడు: సరే, మూడో థియేటర్ సంగతి పక్కనపెట్టు. నాలుగు నెలల మరమ్మతు మాటేమిటి? ఒక్క థియేటర్‌తో నడిపితే కేసులు సగానికి పడిపోతాయి. ట్రైలర్ అంటే రేకుల షెడ్డు కాదు. హెపా ఫిల్టర్ ఉంటుంది, 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం ఆపుతుంది. గంటకు 20 సార్లకు పైగా గాలి మారుతుంది. లోపలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ ఉంచుతారు కాబట్టి తలుపు తీసినా దుమ్ము లోపలికి రాదు. స్క్రబ్ చేసుకునే చోటు, మత్తిచ్చే గది, రికవరీ, అన్నీ వరుసగా ఉంటాయి. మా పగిలిన నేల కంటే అదే శుభ్రం.

అక్క: లోపల శుభ్రమే. నా భయమంతా దాన్ని ఆనుకుని బయట ఉండే వాటి గురించి. ఇన్‌స్ట్రుమెంట్లు ఎక్కడ కడుగుతారు? 134 డిగ్రీల ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ మీకు మేడమీద. వాడిన సెట్లు పార్కింగ్ నుంచి పైకెక్కాలి, స్టెరైల్ సెట్లు దిగాలి. ఒకే లిఫ్ట్. అదే లిఫ్ట్‌లో భోజనాల బండి. మే నెలలో ట్రైలర్ పైకప్పు మీద పడే ఎండకు ఏసీ ఎంత కరెంటు లాగుతుందో, మీ జనరేటర్ ఆసుపత్రినీ ట్రైలర్‌నీ రెండింటినీ మోస్తుందో లేదో ఎవరైనా లెక్కేశారా? 2021 నవంబరు వాన గుర్తుందా, వీధులు కాలువలైనప్పుడు? ఆ పార్కింగ్‌లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

తమ్ముడు: మోకాళ్లదాకా.

అక్క: ఇక ఆక్సిజన్. 2021 మే 10 రాత్రి మన రుయా ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమైంది, ప్రెషర్ పడిపోయింది, 11 మంది పోయారు. అక్కడ మంచాలున్నాయి, వెంటిలేటర్లున్నాయి, పగలూ రాత్రీ పనిచేసే నర్సులున్నారు. లైన్లో ప్రెషర్ లేదు. ఆ రాత్రి తర్వాత ఎవరైనా నాతో కొత్త గది అంటే, ముందు దానికి గ్యాస్ లైన్ ఎక్కడి నుంచి లాగుతారని అడుగుతాను.

(ఈ మాట దగ్గర చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదని రాయాలనిపించింది. ఊళ్లో ఎవరిముందు ఆ తేదీ ఎత్తినా అంతే.)

తమ్ముడు: భయంతోనే ఆగిపోతే ఏదీ మొదలవ్వదక్కా. 1991 నుంచి జీవన్‌రేఖ ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెల్లోనే ఆపరేషన్లు చేస్తోంది, శుక్లాలు, గ్రహణమొర్రి, పోలియో కాళ్లు. శంకర నేత్రాలయ వాళ్లు ఐఐటీ మద్రాసుతో కలిసి రెండు బస్సులు తయారుచేసి పల్లెల్లో కంటి ఆపరేషన్లు చేస్తున్నారు.

అక్క: వాళ్లకు దండం పెడతాను. ఆసుపత్రి లేనిచోటికి వెళ్లారు. నువ్వు ఆసుపత్రుల వీధిలో నిలుపుతున్నావు. సత్యవేడుకో, వరదయ్యపాళానికో తీసుకెళ్లు, నేనే సెలవు పెట్టి వస్తాను.

తమ్ముడు: తీసుకెళ్తే మొదట వద్దనేది నువ్వే. అక్కడ ఐసీయూ ఉందా? రాత్రి రక్తస్రావమైతే రక్తం ఉందా? ఆసుపత్రి గోడకు ఆనించి పెట్టడంలో ఉన్న మేలే అది. వెనక ఐసీయూ, బ్లడ్ బ్యాంక్, డ్యూటీ డాక్టరు ఉంటారు.

అక్క: అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: మరి?

అక్క: నా భయం మొదలైంది ఇంకెక్కడో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంటి శిబిరానికి పంపారు నన్ను. బడి గది. బల్లల మీద పచ్చ గుడ్డలు. ఒకరి తర్వాత ఒకరు, లెక్క పూర్తవ్వాలి. వారం తర్వాత ఒక ముసలాయన కంట్లో చీముతో తిరిగొచ్చాడు. ఆ కన్ను దక్కలేదు. ఆయన నన్ను "అమ్మా, నాకే ఎందుకిట్లయింది" అని అడిగాడు. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఆ శిబిరాల పద్ధతే ఆపేయమంది. ఆ వార్త చదువుతుంటే నాకు ఆ ముసలాయనే కనిపించాడు.

తమ్ముడు: ఆ బిలాస్‌పూర్ శిబిరం జరిగింది వాడకుండా వదిలేసిన భవనంలో. ఇది సీలు చేసిన గది. రెండూ ఒకటి కాదు.

అక్క: గది ఒకటి కాదు, తొందర ఒకటే. ఆ ట్రైలర్‌కు రోజుకింత అని అద్దె. ఖాళీగా ఉంటే మీ యజమానికి నిద్రపట్టదు. నింపమంటాడు. ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తలో గర్భసంచి ఆపరేషన్లు ఎలా పెరిగిపోయాయో నువ్వూ చూశావు. చివరికి ప్రభుత్వమే వాటిని ప్రైవేటులో కట్టడి చేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్లలు, తెల్లబట్ట అవుతోందని వచ్చినవాళ్లు. వాళ్లలో ఎంతమందికి అది అవసరమో నేను స్టెరైల్ గ్లవుజులు వేసుకుని నిలబడి ఆలోచించేదాన్ని. నోరు విప్పలేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు నీకు చెబుతున్నా.

తమ్ముడు: నేను అలా నింపుతాననుకుంటున్నావా?

అక్క: నువ్వు నింపవు. నీ కుర్చీలో రేపు ఇంకొకరు ఉంటారు.

తమ్ముడు: అయితే రాసుకుందాం. నాలుగు నెలలే. మరమ్మతు అయిన రోజున ట్రైలర్ వెళ్లిపోతుంది. డే కేర్ కేసులు మాత్రమే. మత్తు డాక్టరు ఆ రోజు ఇంకోచోటికి వెళ్లడు. గదిలో క్రిములు లేవని కల్చర్ పరీక్ష రిపోర్ట్ నెగెటివ్ రాకుండా మొదటి కేసు పెట్టం. ఇది ఒప్పుకుంటావా?

అక్క: ఇంకోటి ఉంది. ట్రైలర్ తలుపు నుంచి మీ ఐసీయూ మంచం దాకా ఎంతసేపు పడుతుంది?

తమ్ముడు: రెండు నిమిషాలు ఉండొచ్చు.

అక్క: ఉండొచ్చు అంటే సరిపోదు. ఆ పార్కింగ్ ఏటవాలు, మలుపు దగ్గర వాచ్‌మన్ గది, ఆ తర్వాత లిఫ్ట్ కోసం ఆగడం. రేపు నా డ్యూటీ దిగాక వస్తాను. ట్రాలీ తోసి చూద్దాం. సాయంత్రం ఏడింటికి, విజిటర్స్ ఉండే టైములో.

తమ్ముడు: ఖాళీ ట్రాలీ రెడీగా పెట్టిస్తా.

అక్క: ఖాళీది వద్దు. ఖాళీది ఎవరు తోసినా పోతుంది. పక్కన సిలిండరు, ఒక చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్, పైన మనిషి బరువు ఉండాలి.

తమ్ముడు: నేనే పడుకుంటానక్కా. నువ్వు తోయి.