పక్షుల కోసం మన ఇళ్లు ఆపారా? పళ్లికరణై ఫార్వర్డ్‌కు నా జవాబు

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, ఇక్కడి పళ్లికరణై చిత్తడి నేల గురించి ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "నాలుగు కొంగలు వాలతాయని, విదేశీ ఒప్పందం పేరు చెప్పి పళ్లికరణై చుట్టూ కిలోమీటరు మేర కట్టడాలు ఆపేశారు. అది పనికిరాని బురద నేల. పూడ్చేసి పెద్ద కాలువ తవ్వితే వరదలు పోతాయి, ఇళ్లు వస్తాయి. పర్యావరణం పేరు చెప్పి మధ్యతరగతి నోట్లో మట్టి కొడుతున్నారు." చివర్లో, తాబేళ్ల కోసం బీచ్ లైట్లు తగ్గించమంటారా అని ఒక విసురు కూడా ఉంది.

దీన్ని పంపినవాళ్లలో నాకు కావలసినవాళ్లే ఉన్నారు. ఒక పక్క అద్దె, ఇంకో పక్క ఈఎంఐ కడుతూ, ఫ్లాట్ చేతికి రాక టెన్షన్ పడుతున్నవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ అది చేరాల్సిన చోటికి చేరడం లేదు.

ముందు "విదేశీ ఒప్పందం" సంగతి. చిత్తడి నేలల్ని కాపాడుకోవడానికి దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం 1971లో ఇరాన్‌లో కుదిరింది, మన దేశం 1982లో చేరింది. 2022లో పళ్లికరణైకి ఆ గుర్తింపు దక్కింది. ఆ పేరు పంపింది బయటివాళ్లు కాదు, మన ప్రభుత్వాలే. ఆ ఒప్పందంలో కిలోమీటరు అన్న మాటే లేదు. చిత్తడి నేలలో పక్కా కట్టడాలు, ఆక్రమణలు, చెత్త పోయడం కూడదంటున్నది 2017 నాటి మన దేశపు నిబంధనలు. మరి కిలోమీటరు ఎక్కడిది? 2025 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచ్, ఈ నేల మీద ప్రభావం చూపే ప్రాంతం ఎంతవరకో శాస్త్రీయంగా తేలేదాకా ఆ పరిధిలో కొత్త అనుమతులు ఇవ్వొద్దని చెప్పింది. అంటే తాత్కాలికంగా గీసిన గీత. అసలు గీత మూడేళ్లయినా గీయకపోబట్టే ఇది వచ్చింది. గుర్తింపు పొందిన 1,247 హెక్టార్లలో రిజర్వు అడవి కింద ఉన్నది సుమారు 700 హెక్టార్లు. గొడవంతా మిగతా భాగంలోనే. ఏ సర్వే నంబరు లోపల, ఏది బయట అన్నది కొనేవాడికి ముందే తెలిసి ఉంటే, పాత కాలనీలో మేడ మీద ఒక గది వేసుకోవాలనుకున్నవాడు ఇవాళ ఇరుక్కునేవాడే కాదు. మీ ఇల్లు ఆపింది పక్షి కాదు, ఆ హద్దు తేల్చని అధికారులు.

ఇక "పూడ్చి కాలువ తవ్వండి" అనేది. ఫార్వర్డ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే వినడానికి బాగుంటుంది. దక్షిణ చెన్నైలో పదుల కొద్దీ చెరువులు నిండి పొర్లితే ఆ నీళ్లన్నీ చేరేది పళ్లికరణైకే. అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే కాలువ గుండా బకింగ్‌హామ్ కాలువలోకి, అటు నుంచి ముట్టుకాడు, కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. నేలంతా దాదాపు సముద్ర మట్టానికే ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు, తుఫానుకు సముద్రం ఎగదన్నినప్పుడు, కాలువ ఎంత వెడల్పున్నా నీళ్లు ముందుకు కదలవు. అంతవరకు అవి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ చోటే చిత్తడి నేల. ఒకప్పుడు అది ఐదు వేల హెక్టార్లకు పైనే ఉండేది. పెరుంగుడి చెత్త యార్డు, రెండు వందల అడుగుల రోడ్డు, ఐటీ భవనాలు, సంస్థల క్యాంపస్‌లు కలిసి దాన్ని తినేశాయి. పూడ్చే ప్రయోగం కొత్తగా చేయాల్సిందేమీ లేదు, దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నాం. ఫలితం 2015 వరదల్లో చూశాం, 2023 డిసెంబరులో మళ్లీ చూశాం.

ఆ డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుఫాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర. కానీ అంతకు ముందే ఇక్కడ వేళచ్చేరి, పెరుంబాక్కం, పళ్లికరణైలను ముంచేసింది. మా సెల్లార్‌లోకి నీళ్లు పైనుంచి రాలేదు. వాన తెరిపిచ్చాక, వీధి డ్రెయిన్ మూతను లేపుకుంటూ కిందినుంచి వచ్చాయి. మోటార్లు పెట్టి తోడి అదే డ్రెయిన్‌లో వదిలితే, కాసేపటికి అవే నీళ్లు, అదే డీజిల్ వాసనతో, మళ్లీ ర్యాంపు దిగి వచ్చాయి. డ్రెయిన్ పూడుకుపోయి కాదు. దాని అవతలి కొసన నీళ్లకు చోటు లేక. ఆ చిత్తడి నేలను ఇంకా పూడ్చమనేవాళ్లు మన సెల్లార్లను ఇంకా ముంచమంటున్నట్టే.

"నాలుగు కొంగలు" అన్నవాళ్లు జనవరిలో ఒక ఉదయం అక్కడికి వెళ్లి చూడాలి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండుగకు పిల్లల్ని తీసుకెళ్తాం, నేలపట్టులో గూడబాతుల ఫొటోలు తీసుకుంటాం. ఆ జాతుల పక్షులే ఇక్కడా దిగుతాయి. అక్కడ పండుగైనవి ఇక్కడ అడ్డెలా అయ్యాయి?

మధ్యతరగతే నష్టపోతోందన్నది సగం నిజం. మిగతా సగం పెరుంబాక్కంలో ప్రభుత్వ బోర్డు కట్టిన పునరావాస ఇళ్లలో ఉంది. అడయారు, కూవం నదుల గట్ల మీద ఉండేవాళ్లను వరద ముప్పు నుంచి తప్పిస్తామని తెచ్చి, మళ్లీ వరద నిలిచే పల్లంలోనే పెట్టారు. నీళ్లొస్తే వాళ్లకు వేరే ఊళ్లో ఉండే అన్నయ్య ఇల్లు లేదు, వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు, రోజు కూలీ పోతుంది.

తాబేళ్ల గురించి రెండు ముక్కలు. గుడ్డులోంచి రాత్రిపూట బయటికొచ్చే పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయి. బీచ్ లైట్లు ఎక్కువైతే సముద్రం బదులు రోడ్డు మీదికి వస్తాయి. అందుకే గుడ్లు పెట్టి పిల్లలయ్యే ఆ కొన్ని నెలలు వెలుగు తగ్గించమంటున్నారు, అంతే. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోవడమే ప్రధాన కారణమన్నారు. తీరానికి ఐదు నాటికల్ మైళ్ల లోపల ట్రాలర్లు వేటాడకూడదని తమిళనాడు చట్టంలోనే ఉంది. దాన్ని గట్టిగా అమలు చేస్తే తాబేలూ బతుకుతుంది, ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవలో వల వేసుకునే జాలరికీ చేపలు మిగులుతాయి.

కాబట్టి ఫార్వర్డ్ చేయడం ఆపి ఒక అర్జీ రాద్దాం. సర్వే నంబర్లతో సహా హద్దుల మ్యాపు తమిళం, ఇంగ్లీషు రెండింటిలోనూ బయట పెట్టాలి. తప్పుడు చోట అనుమతి ఇచ్చినవాళ్లను బాధ్యుల్ని చేయాలి. అక్కడ డబ్బు కట్టినవాళ్లకు వడ్డీతో తిరిగి ఇప్పించాలి. హద్దు బయట ఉన్న చిన్న ఇళ్ల ఫైళ్లను గడువు పెట్టి తేల్చాలి. మన అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద పంపుదాం. మొదటి సంతకం నేను పెడతాను.