గుమ్మం మాత్రమే మిగిలిన మదరసా

ఏథెన్స్‌లో రోమన్ల కాలంనాటి సంత మైదానం రోమన్ అగోరా పక్కన, వాయు గోపురం అనే ప్రాచీన గోపురానికి దగ్గర్లో ఓ పాత రాతి ద్వారం ఉంది. నెత్తిన ఒట్టోమన్ శాసనం, అంటే గ్రీసును తుర్కులు ఏలిన కాలంనాటిది. వెనక మాత్రం చెప్పుకోదగ్గ కట్టడమేమీ లేదు.

1721లో కట్టిన మదరసా ద్వారం అది. మధ్యలో లోగిలి, చుట్టూ విద్యార్థుల చిన్న చిన్న గదులు, వాటిమీద గుమ్మటాలు. గ్రీసుకు స్వాతంత్ర్యం వచ్చాక కొత్త రాజ్యం దాన్ని జైలుగా మార్చేసింది. పెద్దగా కష్టపడాల్సిన పనే లేకపోయింది. చదువుకునే కుర్రాడి ఏకాంతానికి కట్టిన గది ఖైదీని బంధించడానికీ సరిపోయింది. లోగిట్లోని చినార్ చెట్టుకు మనుషుల్ని ఉరితీసేవారని ఏథెన్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ జైలే మదరసా కొంప ముంచిందని నా అభిప్రాయం. మూడు తరాల ఏథెన్స్ జనానికి మదరసా అంటే బడి కాదు, భయం. అందుకే 20వ శతాబ్దం మొదట్లో పురాతన నగరం కోసం తవ్వకాలకని దాన్ని పడగొడుతుంటే అడ్డుపడే నాథుడు లేకపోయాడు. ప్రాచీన గ్రీసు, రోము ఆనవాళ్లే చరిత్ర, పైన పేరుకున్న ఒట్టోమన్ పొర తీసిపారేయాల్సిన మట్టి అనుకున్న కాలమది. ఆ తప్పును నేను చిన్నదిగా చూడలేను.

ఇలాంటి కట్టడమే ఇస్తాంబుల్‌లో ఎలా బతికిందో చూడండి. హాజియా సోఫియా పక్కన 1559లో ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టిన జాఫర్ ఆగా మదరసాలోనూ అదే లోగిలి, అవే గదులు. 1924లో తుర్కియే మదరసాలన్నిటినీ మూసేసినప్పుడు దానికీ చదువు ఆగిపోయింది. 1989లో బాగుచేసి కళల కేంద్రంగా తెరిచారు. నీళ్లమీద రంగులు చల్లి, సూదితో కదిపి, ఆ బొమ్మను కాగితం మీదికి ఎత్తే ఎబ్రు కళను ఇప్పుడు ఆ గదుల్లో నేర్పుతున్నారు. గురువు, శిష్యుడు, చిన్న గది: ఆ కట్టడం పుట్టిందే అందుకు కదా!

ఏథెన్స్ కూడా మారింది. అదే అగోరాలోని ఫెతియే మసీదు ఒకప్పుడు సైన్యానికి రొట్టెలు కాల్చే బట్టీ, తర్వాత తవ్వకాల్లో దొరికిన వస్తువుల గోదాం. 2017లో దాన్ని బాగుచేసి సందర్శకులకు తెరిచారు. మదరసాను మళ్లీ కట్టమని నేననను. ఆ గదుల గోడలు ఎక్కడిదాకా ఉండేవో నేలమీద రాతి గీతలతో చూపించి, చినార్ చెట్టు ఉన్నచోట మరో చినార్ మొక్క నాటితే చాలు.