తువ్వాలు గుర్తు

మావాడి అమెరికా వీసా ఇంటర్వ్యూకి తేదీ ముంబైలో దొరికింది. హైదరాబాద్‌లో కాన్సులేట్ లేదా అంటే, 2008 నుంచీ ఉంది. 2023లో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారి ఇంకా పెద్దదైంది కూడా. లేనివల్లా తేదీలే. రాత్రుళ్ళు నిద్ర మానుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మావాడు ఒకనాడు రెండు గంటలకి "ముంబై స్లాట్ కొట్టిన డాడీ!" అని అరిస్తే, దొంగలు పడ్డారనుకుని పక్కింటివాళ్ళు లైటు వేశారు.

కొట్టింది ఒకటి కాదు, రెండు. మొదటిరోజు వేలిముద్రలూ ఫొటో, మర్నాడు ఇంటర్వ్యూ. రెండూ బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోనే. రెండింటికీ మధ్యన ఒక రాత్రి ఉంది. నా బాధంతా ఆ రాత్రితోనే.

ఆ కాంప్లెక్స్ దగ్గర్లో హోటళ్ళు వెతికాను. మొదట కనిపించినదాని ధర 11,000. నెలకేమో అనుకుని కళ్ళజోడు తుడుచుకుని చూస్తే రాత్రికే. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'పన్నులు అదనం' అని. గది 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, లోపైతే 5 శాతం. 2025 సెప్టెంబరులో ఈ రెండోదాన్ని 12 నుంచి 5కి దించారని పేపర్లో చదివి, ఎందుకో తెలీకుండానే సంతోషించినవాణ్ణి నేను. ఆ సంతోషానికి అర్హత రావాలంటే ముందు 7,500 లోపు గది దొరకాలని అప్పుడు తట్టలేదు. చివరికి అంధేరీ వైపు ఒక లాడ్జి తగిలింది. 4,200, పన్నుతో 4,410. ఫొటోలో కిటికీ ఉంది. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్క బిల్డింగు గోడ ఉందని, దానిమీద బట్టలు ఆరేసుకోవచ్చని ఎవరో అభిప్రాయం రాశారు. గోడ చూడ్డానికి నాలుగు వేలా అని దాన్ని కొట్టిపారేశాను.

"డోంబివిలిలో మా పెద్దమ్మ మనుమరాలు ఉండె కదా," అంది మా ఆవిడ. ఉంది. ఒక గది, ఒక వంటగది. అందులో వాళ్ళు నలుగురు, అత్తగారు, ఒక కుట్టుమిషను. మేం వెళ్తే మిషను బయట పెట్టాలి. పైగా ఖాళీ చేతుల్తో వెళ్ళలేం. సకినాలు, పచ్చడి, పిల్లలకి బట్టలు, అత్తగారికి చీర... లెక్క వేస్తే 11,000 గదే నయం అనిపించింది.

రైల్వే రిటైరింగ్ రూముకి టికెట్ పీఎన్ఆర్ కొట్టి చూశాను. ఖాళీ లేదు.

అప్పుడు మావాడు "పాడ్ తీసుకుందాం డాడీ" అన్నాడు. పాడ్ అంటే ఒక్క మనిషి పడుకునేంత గూడు. ముంబై సెంట్రల్ స్టేషన్‌లోనే 2021లో పెట్టారట, అలాంటివే ప్రైవేటువి అంధేరీలో ఉన్నాయి, మనిషికి 1,100. 1979లో జపాన్‌లోని ఒసాకాలో పుట్టిన ఆలోచన ఇది. ఆఫీసులో ఆలస్యమై ఆఖరి రైలు తప్పిపోయిన ఉద్యోగులు తెల్లారేదాకా నడుం వాల్చడానికన్నమాట. మనకూ పడుకోవడమే కదా కావలసింది, నిద్రలో గది ఎంతుంటే ఏమిటి అని సిద్ధాంతం చేసి డబ్బు కట్టేశాను.

కాజీపేటలో రైలెక్కి తెల్లవారుజామున దాదర్‌లో దిగాం. పగలంతా వేలిముద్రల పనీ తిరుగుడూ అయ్యాక సాయంత్రం పాడ్‌ల దగ్గరికి చేరాం. ఒక పొడుగాటి గది. అటూ ఇటూ రెండేసి అంతస్తుల్లో తెల్లటి ప్లాస్టిక్ గూళ్ళు. మా ఊళ్ళో అటక మీద ఆవకాయ జాడీలు ఇంతకంటే విశాలంగా కూర్చుంటాయి. మావాడికి కింది గూడు, నాకు పైది. సామాను వేరే లాకర్లో పెట్టించారు. నాలుగు మెట్ల ఇనప నిచ్చెన ఎక్కి, తల దూర్చి, మిగిలిన నన్ను వాయిదాల్లో లోపలికి లాక్కున్నాను. కూర్చుంటే తల తగుల్తుంది, పడుకుంటే పొట్ట తగల్దు గానీ ఆలోచిస్తున్నట్టుంటుంది. తలవైపు అయిదు బొత్తాలు, వేటిమీదా పేరు లేదు. ఒకటి నొక్కితే నీలం దీపం, ఇంకోటి నొక్కితే ఎర్ర దీపం, మూడోది నొక్కితే ఫ్యాన్ హోరు. పడుకుని ప్యాంటు విప్పి లుంగీ కట్టుకోవడం అనే విద్య నాకు యాభై నాలుగో ఏట అబ్బింది.

మా ఆవిడ వీడియో కాల్ చేసింది. "ఇదేందండీ, ఫ్రిజ్‌ల పండుకున్నరా?"

పడుకునే ముందు ఒక జాగ్రత్త తీసుకున్నాను. రాత్రి ఒకసారైనా లేవాల్సిన వయసు. గూళ్ళ నంబర్లు కళ్ళజోడు లేకపోతే కనబడవు, జోడేమో దిండు కింద. అందుకని నా ఎర్ర తువ్వాలు, తెల్ల అంచుది, గూటి బయట కడ్డీకి వేలాడదీశాను. ఎన్నికల్లో గుర్తు ఇచ్చేది ఇందుకేగా!

రాత్రి రెండున్నరకి లేచాను. వెళ్ళాను. వచ్చాను. మసక నీలం వెలుతుర్లో నా గుర్తు దూరం నుంచే కనబడింది. నిచ్చెన ఎక్కి, షట్టర్ జరిపి, ఈసారి అనుభవజ్ఞుణ్ణి కాబట్టి కాళ్ళు ముందు పెట్టి లోపలికి జారాను. పరుపు మెత్తగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. కుడికాలు ఇంకాస్త చాపాను. పరుపు కెవ్వుమంది.

"కోణ్ ఆహే రే! అవ్వో... సచ్చిపోతి!"

ముంబై మహానగరంలో అర్ధరాత్రి ఒక మనిషి పొట్ట మీద కాలు పెట్టి కూడా, "అరె, మనోడే" అని ముందు నాకు ఆనందం కలిగింది. నిజం చెప్తున్నాను. భయం తర్వాత వచ్చింది. దిగబోతే నా లుంగీ ఆయన షట్టర్ గాడిలో ఇరుక్కుంది. ఆయన నెడుతున్నాడు, నేను లాగుతున్నాను, ఫ్యాన్ బొత్తాం నా మోచేతికి తగిలి హోరెత్తింది. చుట్టూ ఒక్కొక్క గూడే తెరుచుకుని తలకాయలు బయటికొచ్చాయి, గువ్వల్లా. అందులో మావాడి తలకాయ కూడా ఉంది. నన్ను చూసింది, నా లుంగీ పరిస్థితి చూసింది. తర్వాత మావాడి షట్టర్ చాలా నిదానంగా, చప్పుడు కాకుండా మూసుకుంది.

కాపలా కుర్రాడు వచ్చి లైటు వేస్తే విషయం తేలింది. పక్క వరసలో ఒకటే రకం ఎర్ర తువ్వాలు, తెల్ల అంచుది, ఆరేసి ఉంది. లోపలివాడికి గడియ పెడితే ఊపిరాడదట, పెట్టుకోలేదు.

పదిసార్లు క్షమించమన్నాను. ఆయన పొట్ట నిమురుకుంటూ, "ఏ ఊరన్నా మీది?" అన్నాడు.

"హనుమకొండ."

"మాది షోలాపూర్. మా తాతలు సిరిసిల్ల దిక్కుకెంచి పోయిన్రు." అంతే, మేం నిచ్చెన మెట్ల మీద కూర్చున్నాం. షోలాపూర్ మగ్గాల మీద సగం బతుకు మన తెలుగు పద్మశాలీలదేనని చెప్పాలా? దుప్పటికి షోలాపూర్ అని ఇంటిపేరు తగిలించకుండా మా అమ్మ ఎన్నడూ పిలిచింది లేదు. ఈయన తువ్వాళ్ళ వ్యాపారం మీద వచ్చాడు.

"నాది కూడా షోలాపూర్ తువ్వాలే," అన్నాను, బంధుత్వం కలుపుతూ.

ఆయన లేచి వెళ్ళి నా తువ్వాలు తెచ్చాడు. వేళ్ళమధ్య నలిపాడు. అంచు తిప్పి చూశాడు. ముఖంలో, నేను పొట్ట మీద కాలు పెట్టినప్పుడు కూడా లేని నొప్పి కనబడింది. "గిది మాది కాదన్నా. పాలిస్టర్ కలిసింది. తుడిస్తే నీళ్ళు పీలుస్తదా?"

ఆలోచించాను. నిజమే. నాలుగేళ్ళుగా అది నా వీపు మీద నీళ్ళని అటునుంచి ఇటు జరుపుతోంది తప్ప పీల్చడం లేదు.

"అంచు చూడు. మడతేసి రెండు కుట్లు ఉండాలె. పోగులు ముంగట ఎంత దట్టమో ఎనక గంతే దట్టం. నూలుదైతే బొట్టు పడంగనే లోపటికి గుంజుతది." చీకట్లో అరగంట పాఠం. "ష్‌ష్" అని నాలుగు గూళ్ళు కసిరితే గుసగుసల్లోకి దిగాం. ఇంత తొక్కించుకున్న మనిషి దగ్గర ఏమీ కొనకుండా ఎలా లేస్తాను? పొద్దున లాకర్ దగ్గర డజను తువ్వాళ్ళు మూటకట్టి ఇచ్చాడు. జత 400. మనోళ్ళ రేటట. 2,400.

మరోల్ నాకాలో మెట్రో మారుతూ లెక్క వేశాను. గూళ్ళకి 2,200, తువ్వాళ్ళకి 2,400. మొత్తం 4,600. గోడ కిటికీ లాడ్జి 4,410. అంటే 190 ఎక్కువ పెట్టి గూట్లో పడుకున్నాను. మావాడికి చెప్పలేదు. వాడు పొద్దుట్నుంచీ నాకు నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు.

కాన్సులేట్‌లోకి ఫోన్లు, సంచులు రానివ్వరు. ఫోను నాకిచ్చి, ఫైలు పట్టుకుని వెళ్ళాడు. నేను రోడ్డు వారన తువ్వాళ్ళ మూట వేసుకుని దానిమీద కూర్చున్నాను. చుట్టూ నాలాంటి తండ్రులే, ఎవరి ఊపిరి వాళ్ళు బిగబట్టుకుని. నిలబడి నిలబడి ఒకాయన నా మూట వైపు అసూయగా చూశాడు. ఖమ్మం నుంచట. జరిగి చోటిచ్చాను. మెత్తగా ఉందేమిటని మూట నొక్కి చూశాడు.

"షోలాపూర్ తువ్వాళ్ళు," అన్నాను.

"ఒరిజినలేనా?"

ఆ మాటతో నాకు లోపల ఎక్కడో తగిలింది. ఒకటి బయటికి లాగి, అంచు తిప్పి, మడతా రెండు కుట్లూ చూపించాను. పోగులు ముందెంతో వెనకంతే అన్నాను. సీసా మూత తీసి ఒక నీటిబొట్టు వేశాను. గుంజేసింది. ఇంకో ఇద్దరు తండ్రులు వంగి చూశారు.

"జత ఎంతన్నా?" అన్నాడు ఖమ్మం ఆయన.

190ని రెండుతో భాగించి, చిల్లర ఎందుకని సరిచేసి, కొన్న నాలుగొందలకి కలిపి, "ఐదొందలు" అన్నాను.

"రెండు జతలు ఇయ్యి."

సరిగ్గా అప్పుడే మావాడు గేటు దాటి బయటికొచ్చాడు. చేతిలో ఫైలుంది, పాస్‌పోర్టు లేదు. లోపలే ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టే. నవ్వుతూ నా కోసం వెతికాడు. నేను కనబడ్డాను. ఒక చేతిలో తువ్వాళ్ళు, ఇంకో చేతిలో వెయ్యి రూపాయలు, చుట్టూ బేరం.

నవ్వు ఆగింది. రాత్రి షట్టర్ మూసినంత నిదానంగా తల తిప్పుకుని మెట్రో వైపు నడిచాడు.