గోస్తనీ దగ్గరే ఉన్నాం

పన్నెండు మోటార్‌సైకిల్ బళ్లు కలిసి విశాఖ నుంచి అరకు బయల్దేరాయంటే పెళ్లివారు తరలినట్టే. కాకపోతే పెళ్లి బస్సుకు డ్రైవరు ఒక్కడు, ఇక్కడ పన్నెండు మంది. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, ఆపైన అనంతగిరి ఘాట్. అంతా కలిపి 115 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇందులో తప్పిపోవడానికేముంది అనిపిస్తుంది.

లెక్క చూడండి. గంటకు 60 మీద బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బండికీ బండికీ రెండేసి సెకన్ల ఎడం ఉంటే మొదటి బండికీ ఆఖరి బండికీ మధ్య 370 మీటర్లు. నడుమ రెండు లారీలు, ఓ షేర్ ఆటో దూరాయా, అర కిలోమీటరు దాటిపోతుంది. పైగా వంపు తిరగ్గానే ముందువాడు వేగం అందుకుంటాడు, వెనకవాడు ఇంకా వంపులోనే ఉంటాడు. ఆ తేడా బండి బండికీ పేరుకుని, లీడర్ 60లో ఈలేసుకుంటూ పోతుంటే ఆఖరువాడు 80లో దేవుణ్ణి తలుచుకుంటూ వస్తాడు. అందుకే కొత్తవాణ్ణి లీడర్ వెనకాలే పెట్టాలి. మనవాళ్లు మాత్రం "నెమ్మదిగా రా తమ్ముడూ" అని చివర్లో పెడతారు.

ఈ తోకను తెగకుండా లాక్కెళ్లడానికో పద్ధతుంది. దారి చీలిన ప్రతి చోటా లీడర్ రెండో బండివాడికి చెయ్యి చూపిస్తాడు. వాడు అక్కడే అందరికీ కనబడేలా ఆగి, వెళ్లాల్సిన వైపు ఇండికేటర్ వేసి నిలబడాలి. పసుపు జాకెట్ వేసుకున్న ఆఖరి బండి, అంటే స్వీప్, వచ్చేదాకా ఆకాశం విరిగిపడినా కదలకూడదు. స్వీప్ రాగానే వాడి ముందు చేరిపోవాలి. ఇంత సులువైన పద్ధతికి ప్రపంచంలో ఒకే ఒక్క శత్రువుంది, మిరపకాయ బజ్జీ.

ఎస్.కోటలో మూల మీద రెండో బండివాడు నిలబడ్డాడు. నాలుగు బళ్లు సరిగ్గా అరకు వైపు తిరిగాయి. ఆ వెనక గేదెల మంద అడ్డొచ్చి మిగతావాళ్లు ఆగిపోయారు. పది నిమిషాలు గడిచాయి. ఎండ. ఎదురుగా మూకుడులో నూనె. బండిని నాలుగడుగులు అవతల చెట్టు నీడలో పెడితే తప్పేంటి అనుకున్నాడు. తప్పేంటంటే, ఆ చెట్టు విజయనగరం రోడ్డులో ఉంది. బండి ముక్కు కూడా అటే ఉంది.

గేదెలు వదిలాక వచ్చిన ఐదు బళ్లూ మనిషిని చూడలేదు, బండిని చూశాయి. అది ఎటు చూపిస్తే అటు పోయాయి. వాటి వెనకే స్వీప్. బజ్జీ చేతపట్టుకుని మనవాడు పరుగెత్తుకొచ్చి, నియమం తప్పకుండా స్వీప్ ముందు చేరాడు. ఐదు బళ్లు అరకుకు, ఏడు బళ్లు విజయనగరానికి. ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు.

ఇరవై కిలోమీటర్లు పోయాక, "ఘాట్ ఇంకా రాదేటి బావా?" అని ఒకడు అడిగాడు. "ముందుంది" అన్నాడు బజ్జీ మనిషి. ముందు విజయనగరం కోట వచ్చింది. ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా అని భీమిలి చూసిపోదామన్నారు.

పైన బొర్రా మలుపు దగ్గర లీడర్ జట్టులో ఒకరి వెనక టైరులో మేకు దిగింది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు కనిపిస్తే పీకకూడదు. అదే బిరడాలా ఉండి గాలిని మెల్లగా వదులుతుంది. కానీ మేకు దొరికినవాడికి అది నలుగురికీ చూపించాలనుంటుంది. "ఇదిగో!" అని పైకెత్తి చూపించేసరికి టైరు బుస్సుమని రిమ్ము మీద కూలబడింది. పంక్చర్ కిట్టేమో స్వీప్ సంచిలో ఉంది. పనిముట్లన్నీ ఆఖరువాడి దగ్గరుండాలన్నది నిజమే, ఎవరి బండి ఆగినా వాడు వచ్చి తీరతాడని. వాడే రాకపోతే ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించలేదు.

సిగ్నల్ దొరికిన చోట లీడర్ వాట్సాప్‌లో అడిగాడు: "ఎక్కడ?" జవాబు: "గోస్తనీ దగ్గరే ఉన్నాం." లీడర్ ప్రాణం లేచొచ్చింది. "మేమూ గోస్తనీ దగ్గరే!"

ఎవరూ అబద్ధం చెప్పలేదు. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకరు నది మొదట్లో, ఒకరు చివర్లో. గంటన్నర సేపు లీడర్ గుహల చుట్టూ ఏడు బళ్లను వెతికాడు. చివరికి ఫోన్ కలిసింది. "నీళ్లు ఏ పక్కనున్నాయిరా?" "ఎదురుగానే అన్నా. అలలు కూడా వస్తున్నాయి."

కిట్టు భీమిలి నుంచి బొర్రా చేరేసరికి సాయంత్రం నాలుగు. కన్నాన్ని ఆకురాయితో గరుకు చేసి, జిగురు రాసిన స్ట్రిప్పు దూర్చి, పైకి మిగిలిన తోక కోసేయడానికి పట్టింది ఏడు నిమిషాలు. అరకు ఎవరూ చూడలేదు.

దిగేటప్పుడు ఒకాయన పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలాడు. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజనే సగం బ్రేకు. అది లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి అవి కాగిపోతాయి. కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పీల్చిన పాతది 155కే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు లేచి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మూడో మలుపులో ఆ మెత్తదనం చేతికి తగిలి, ఆయన ఎలాగోలా గట్టువారకు ఆపి అరగంట కూర్చున్నాడు. రూపాయి పెట్రోలు మిగిలింది.

ఎస్.కోట మూల మళ్లీ వచ్చింది. బజ్జీ మనిషి అడిగి మరీ అక్కడ నిలబడ్డాడు, ఈసారి రాయిలా. బళ్లన్నీ సరిగ్గా తిరిగాయి. పెందుర్తిలో టీ తాగుతూ లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. ఘాట్‌లో చలేసి స్వీప్ పసుపు జాకెట్ మీద నల్ల జెర్కిన్ తొడుక్కున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ చేశారు. "ఎక్కడున్నావురా?"

"మూల మీదే అన్నా. ఆఖరి బండి ఇంకా రాలేదు."