గొట్టం మందం ఎంతో ఊరికి చెప్పండి

కోనసీమలో కొబ్బరితోటల పక్కన అక్కడక్కడా హెచ్చరిక రాళ్లు కనిపిస్తాయి. కింద గ్యాస్ లైను ఉంది, తవ్వొద్దు అని ఉంటుంది, ఒక ఫోన్ నంబరు ఉంటుంది. రైతు గునపం నుంచి గొట్టాన్ని కాపాడే ఏర్పాటు అది. కానీ 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడి నగరం అనే ఊళ్లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ లైను పగిలింది గునపం తగిలి కాదు, తుప్పు తినేసి.

ఇరవై మందికి పైగా పోయిన ఆ రోజు గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొడి గ్యాస్ కోసం వేసిన 18 అంగుళాల లైనులో చెమ్మ ఉన్న గ్యాస్ నడిపారని విచారణలో తేలింది. గ్యాస్‌తో వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే పలచని ఆమ్లమవుతుంది. ఆ నీళ్లు గొట్టం అడుగున నిలిచి ఇనుమును తింటూ ఉంటాయి. పైన చూస్తే పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది.

దీన్ని ముందే పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. భూమిలో లైనయితే లోపలికి పిగ్ అనే పరికరాన్ని పంపి గోడను కొలుస్తారు. ఫ్యాక్టరీలో పైకి కనిపించే గొట్టమయితే ఇంకా తేలిక. అంటిన మురికి, ఊడుతున్న పెయింటు గీకి, కాస్త జెల్ రాసి, అరచేతిలో పట్టే మీటరు ఆనిస్తే మిల్లీమీటర్లలో అంకె కనిపిస్తుంది. నాలుగేళ్ల కిందట 9.5 ఉన్నది ఇప్పుడు 7.5 అయితే ఏడాదికి అర మిల్లీమీటరు పోతోందన్నమాట. 5.5 కంటే తగ్గకూడదనుకుంటే ఇంకా నాలుగేళ్ల ఆయుష్షు ఉంది. అందులో సగం గడిచేలోపు మళ్లీ కొలవాలి. అయిదో తరగతి పిల్లాడు చేసే లెక్క ఇది.

మరి ఎందుకు చేయరు? కొలిస్తే అంకె వస్తుంది, అంకె వస్తే ప్లాంటు ఆపాలి, ఆపితే ఉత్పత్తి పోతుంది. ఒక రసాయన ఫ్యాక్టరీలో లీకు ఆపడానికి గొట్టం చుట్టూ ‘టెంపరరీ’ అని బిగించిన క్లాంపు, అంటే ఇనప పట్టీ, చూశాను. దానిమీద రెండు పూతల పెయింటు! అంటే అది కనీసం రెండు పెయింటు కాంట్రాక్టుల వయసుదన్నమాట. 1984లో భోపాల్‌లో విషవాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ పనిచేయలేదు. దానికి వెళ్లే గొట్టం ముక్క తుప్పు పట్టిపోతే విప్పేసి, కొత్తది వేయకుండా ఉంచారు.

డెల్టా వాళ్లకు ఆపి బాగుచేసుకోవడం కొత్త కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను వేసవిలో కట్టేస్తారు. పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకులు చూసుకోవాలి. నీళ్లు ఆగాయని అప్పుడు ఎవరూ గోల చేయరు, పనులు జరగకపోతేనే చేస్తారు. కాలువ అడుగు కళ్లెదుటే కనబడుతుంది కాబట్టి కాంట్రాక్టరు ఎక్కడ చేతివాటం చూపించాడో గట్టుమీద నిలబడ్డ రైతు చెప్పగలడు. గొట్టం గోడ అలా కనబడదు, కనబడేలా చేయాలి. ప్రతి లైనుకు, ఒత్తిడిలో పనిచేసే ప్రతి ట్యాంకుకు చివరగా కొలిచిన మందం, కొలిచిన తేదీ, మళ్లీ కొలవాల్సిన తేదీ పంచాయతీ బోర్డు మీద రాయాలి.

జనం కంగారు పడతారని, భద్రతా రహస్యాలని కంపెనీలు అంటాయి. లైను ఎక్కడుందో రాళ్లు పాతి మరీ చెప్పారు కదా, ఇక దాచేదేముంది? కంగారంటారా, నగరం చుట్టుపక్కల అది ఎప్పుడో వచ్చేసింది.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మనకు ప్రారంభోత్సవాలంటేనే మోజు. బ్యారేజీకైనా బడికైనా కొత్తది కట్టినప్పుడే శిలాఫలకం. గేట్లకు గ్రీజు పూయించినందుకు పేరు చెక్కించుకున్న మంత్రిని నేనైతే చూడలేదు. బడ్జెట్ కోత పడితే ముందుగా ఎగిరిపోయేది మరమ్మతుల పద్దే. ఫ్యాక్టరీలోనూ అంతే. కొత్త యూనిట్ తెచ్చిన మేనేజరుకు ప్రమోషన్, తుప్పు చూసి ప్లాంటు ఆపమన్న ఇన్‌స్పెక్షన్ ఇంజినీరుకు బదిలీ. అతను రాసిన అంకె ఊళ్లో బోర్డు మీదకు ఎక్కిందంటే అతన్ని బదిలీ చేయడం అంత తేలిక కాదు.